ఎర్ర సీలెంట్ మీద బొటనవేలు

"కెరోలిన్ అమ్ముడుపోయింది. కనబడగానే కాల్చెయ్," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

సిమెంటు లారీ డ్రైవర్ వేషంలో ఉన్న ఏజెంట్ శాంతిరాజ్ బండిని రోడ్డు పక్కకు లాగి ఆపేశాడు. రేపోమాపో పెళ్ళాడదామనుకున్న మనిషి! నల్లద్దాలు, పట్టుచీరలతో విదేశీ ముఠాను బుట్టలో వేసిన మన డబుల్ ఏజెంట్!

బ్రీఫింగ్ చిన్నదే. బసంత్‌నగర్ పాత ఎయిర్‌స్ట్రిప్‌లో కొత్త విమానం ట్రయల్. ఇంజిన్‌కూ పైలట్‌కూ మధ్య ఫైర్‌వాల్ ఉంటుంది. అందులో వైర్లు, పైపులు దూరే కన్నాలకు మంటనాపే ఎర్ర సీలెంట్ పూస్తారు. అసలుదైతే పావుగంట నిప్పును నిలువరిస్తుంది. నకిలీదైతే పైలట్ మసే. ఆ నకిలీది పూసే పని ముఠా కెరోలిన్‌కే అప్పగించింది.

అతడు చేరేసరికే విమానం లేచిపోయింది. షెడ్డు వెనక జీపులో కెరోలిన్ పొట్ట పట్టుకుని ఒరిగి ఉంది. చీరంతా నెత్తురు. అతని చేతిలో పిస్టల్ చూసింది.

"గా పిస్తోలు నాకోసమేనా, శాంతీ?"

శాంతిరాజ్ పిస్టల్ అవతల పారేశాడు.

"ముఠోళ్ళు నన్ను గాల్చి, ఇంజిన్ల మంటబెట్టే మిషిని పెట్టిన్రు. జల్ది పైలట్‌కు చెప్పు."

అప్పటికే పైన నల్లటి పొగ. చేతి గడియారంలోని ట్రాన్స్‌మిటర్‌లో పైలట్ గొంతు గొల్లుమంది. "ఇంజిన్‌లో మంటలు! దూకాలా? దించాలా?"

దూకితే విమానం కాలనీ ఇళ్ళ మీద పడుతుంది. దింపబోతే, సీలెంట్ నకిలీదైతే పైలట్ బతకడు.

"నిజం చెప్పు కెరోలిన్. ఏది పూసినవ్?"

"అసలుదే. బాపు లెక్క ఆఖరుకు బొటనవేలు గుద్దిన."

ఆ గుర్తుకు అర్థం శాంతిరాజ్‌కు తెలుసు. గోదావరిఖని బొగ్గుబాయిలో నిప్పంటుకున్న చోటును గోడ కట్టి మూస్తారు. కట్టినవాడు ఆఖరి మట్టిముద్ద మీద బొటనవేలు గుద్దుతాడు, ఇది నా పూచీ అని. ఆమె తండ్రి తోమాసు, ఇతని తండ్రి ఒకే గ్యాంగులో అలాంటి గోడలు కట్టినవాళ్ళే. పొగ కారే గోడ మీద ఆ ఇళ్ళవాళ్ళు చచ్చినా వేలు గుద్దరు.

"దించు! గోడ ఆగుతది! నాది పూచీ!" అని అరిచాడు.

విమానం రన్‌వే మీద దబ్బున వాలింది. మంటలు ఫైర్‌వాల్ దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. పైలట్ దగ్గుకుంటూ కిందికి దూకాడు.

శాంతిరాజ్ ఆమె తలను ఒళ్ళోకి తీసుకుని భోరుమన్నాడు. "నకిలీది గట్టిపడదు, దానిమీద గుర్తు నిలవదు. గట్టిపడ్డ గుర్తు చూసే వాళ్ళు నిన్ను కనిపెట్టిన్రు. ఎందుకు గుద్దినవే?"

"ఎరుకే... చెయ్యి ఊకోలే," అంది కెరోలిన్. మళ్ళీ మాట్లాడలేదు.

ముఠా మంచిర్యాల దారిలో దొరికిపోయింది. సాయంత్రం చీఫ్ నుంచి మెసేజ్ వచ్చింది: "ఫైలు మూయాలి. చనిపోయిన ఏజెంట్ వేలిముద్ర పంపు."

శాంతిరాజ్ కళ్ళు తుడుచుకుని జవాబు కొట్టాడు: "విమానంలో ఉంది. మంటే చెరపలేకపోయింది, మీరూ చెరపకండి."