ఇద్దరాడవాళ్లు, ఒకే ‘షీ’

ఉదయం ఎనిమిదింటికి బస్‌స్టాండులో సీక్రెట్ సర్వీస్ ఏజెంటు ఒకడు టీ తాగుతూ తాగుతూనే కుప్పకూలాడు. విషం. అతని బూటు మడమలో శత్రుముఠా సందేశం దొరికింది. డీకోడ్ చేస్తే ఇంగ్లీషులో రెండు ముక్కలు తేలాయి.

“సింగర్ మీట్స్ నర్స్, హాస్పిటల్, టెన్. కిల్ హర్ ఆఫ్టర్ షీ గివ్స్ ద ఫిల్మ్.”

చీఫ్ ఆ కాగితం మాస్టారి ముందు పెట్టాడు. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఇంగ్లీషు పాఠాలు చెప్పినందుకు ఆయనకి ఆ పేరు స్థిరపడింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో మోకాళ్లు అరిగిపోయాయి. ఇక చాలించమని భార్య పోరుతోంది. ఆవిడ మాట కాదనే ఓపిక కూడా ఆయనకి లేదు.

సింగర్ ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంటనీ, ముఠా ఆమెను పసిగట్టిందనీ, కాపలాకి ఆరుగుర్ని పంపాననీ చీఫ్ చెప్పాడు.

“షీ అంటే సింగరేనని ఎలా అనుకున్నారు సార్? నర్సూ ఆడమనిషే.”

“వాక్యంలో ముందున్నది సింగర్ కదా.”

“ముందున్నంత మాత్రాన సరిపోదు. ఫిల్మ్ ఎవరి చేతిలో ఉందో చూడాలి.”

సైనిక రహస్యాలున్న ఆ ఫిల్మ్ పోయింది హాస్పిటల్లో చికిత్స పొందుతున్న కల్నల్ గదిలోంచి. ఆ గదిలోకి నర్సు వెళ్లగలదు, సింగర్ వెళ్లలేదు. అంటే ఇచ్చేది నర్సు, చావాల్సిందీ నర్సే. ఆ ఇద్దరి మధ్య మూడో మనిషి లేడు కాబట్టి చంపేది సింగరే, అంటే ఆమె నిజంగా పనిచేస్తున్నది ముఠాకే. చీఫ్ నమ్మలేదు. కావాలంటే ఒక్కడివే వెళ్లమన్నాడు.

పదింటికి మాస్టారు చేతికి ఉత్తుత్తి ప్లాస్టర్ కట్టుకుని, వార్డు బయట బెంచీ మీద రోగిలా మూలుగుతూ కూర్చున్నారు. నర్సు ఇంజక్షన్ డబ్బాలోంచి ఫిల్మ్ తీసి సింగర్‌కి ఇచ్చింది. నీలం పట్టుచీరలో మెరిసిపోతున్న సింగర్ సొంత అక్కలా ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, లిప్‌స్టిక్ మూత తీసింది. స్ప్రింగు టిక్కుమంది. సూది బయటికొచ్చింది.

మాస్టారు మోకాళ్ల సంగతి మర్చిపోయి దూకారు. నర్సు మెడకి తగలాల్సిన సూది ప్లాస్టర్లో దిగబడింది. ఆయన రెండో చేత్తో సింగర్ మణికట్టు పట్టుకుని మెలిపెట్టారు.

నర్సు నేల మీద చతికిలబడింది. తమ్ముణ్ణి ఎత్తుకుపోయి ఈ పని చేయించారని చెప్పింది. “వాడు బతికున్నాడా అండీ?”

అబద్ధం చెప్పడం ఆయన వృత్తే. అయినా నోరు రాలేదు. “తెలీదమ్మా. వెతుకుతాను,” అన్నారు.

ఆరుగురు కాపలావాళ్లూ పిస్తోళ్లతో పరిగెత్తుకొచ్చి ముందు మాస్టారినే గోడకి అదిమారు. చీఫ్ ఫోన్ చేశాకే వదిలారు.

“ఆమె క్షేమమేనా?” ఫోన్లో అడిగాడు చీఫ్.

మాస్టారు నీరసంగా బెంచీ మీద కూలబడి, “ఏ ఆమె సార్?” అన్నారు.