సూపులో మునిగిన తాళంచెవి

తమ్ముడి కారు అద్దం పగల్లేదు, తలుపు విరగలేదు. అయినా హంతకుడు దర్జాగా వెనక సీట్లో చేరి కూర్చున్నాడు. ఇది పోయిన నెల మాట. ఆ తమ్ముడి అన్న ఒక సీక్రెట్ ఏజెంట్. ఆఫీసువాళ్లు అతనికి పెట్టిన పేరు ‘చాదస్తం’.

“ఇవాళ సైంటిస్టు వంతు. అదే విదేశీ ముఠా,” అన్నాడు చీఫ్. “హోటల్లో లంచ్. కారు బేస్‌మెంట్‌లో, తాళంచెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో.”

“ఒకడు బ్రీఫ్‌కేసుతో బ్యాగు పక్కన నిలబడి తాళంచెవి సిగ్నల్ అందుకుంటాడు. కారు దగ్గరున్న రెండోవాడికి పంపుతాడు. యజమానే వచ్చిందనుకుని కారు తెరుచుకుంటుంది. రెండేళ్ల కిందటే రిపోర్టు ఇచ్చాను, సార్!”

“కార్ల కంపెనీవాళ్లు నొచ్చుకుంటారని పక్కన పెట్టాం. అయిందేదో అయిపోయింది.”

ఏమయిపోయింది? బంగారంలాంటి తమ్ముడు పోయాడు! చాదస్తం కోపాన్ని దిగమింగాడు.

సిగ్నల్ బయటికి పోకుండా లోపల లోహపు పొర వేసిన సంచి ఒకటి తయారుచేసి, తాళంచెవి అందులో వేసిపెట్టమని నెమలికి ఇచ్చాడు. నెమలి ఆ ముఠాలో చేరి వాళ్ల గుట్టు వీళ్లకు మోసే అందగత్తె. ఇవాళ సైంటిస్టుకు తోడు ఆమే.

మధ్యాహ్నం చాదస్తం వెయిటర్ వేషంలో స్టీలు సూపు గిన్నె పట్టుకొచ్చాడు. చెవిలో చిన్న రిసీవర్. తాళంచెవి సిగ్నల్ ఇస్తే అది కూస్తుంది. సంచిలో ఉన్నంతసేపూ కిక్కురుమనకూడదు.

బ్రీఫ్‌కేసు పట్టుకున్న బట్టతలవాడొకడు పక్క టేబుల్ దగ్గర ఆగాడు. కూ!

సంచి ముట్టుకున్నది నెమలి ఒక్కతే. కంచే చేను మేసింది!

“సార్, స్తంభం చాటునుంచి ఒకడొచ్చాడు,” బేస్‌మెంట్‌లో కాపలా ఉన్న కానిస్టేబుల్ గొంతు చెవిలో పలికింది. “హ్యాండిల్ మీద చెయ్యి వేస్తున్నాడు...”

“క్షమించండి మేడమ్!” చాదస్తం బ్యాగులోంచి తాళంచెవి లాగి, పొగలు కక్కే సూపులో పడేసి, స్టీలు మూత నొక్కిపట్టాడు. కూత ఆగింది.

“లాగాడు... తలుపు రాలేదు సార్! దొరికాడు వెధవ!”

పారిపోబోయిన బట్టతలను గుమ్మంలోనే పట్టుకున్నారు. సంచి తిరగేస్తే లోపలి పొర బ్లేడుతో కోసి ఉంది.

“మా తమ్ముడి కారు కూడా నీ చలవేనా?”

“మీ రిపోర్టు చలవ,” అంది నెమలి. “బీరువాలో దుమ్ము కొట్టుకుంటుంటే తీసి చదివా. అక్షరం పొల్లుపోకుండా మావాళ్లకు నేర్పా.”

చీఫ్ తల తిప్పుకున్నాడు.

ఒక్కరైనా చదివితే చాలని చాదస్తం రెండేళ్లుగా అందరి కాళ్లావేళ్లా పడ్డాడు. చదివిన ఆ ఒక్క మనిషికీ ఇప్పుడు తన చేత్తోనే బేడీలు వేశాడు.