తెల్లవారని మంగళవారం

చర్చి పక్కగదిలో ప్లాసిడో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక పెద్ద దెబ్బ. పక్కన ఇనుప కొవ్వొత్తుల స్టాండు. చుట్టూ పాలరాతి ముక్కలు.

జీవితమంతా ఆ చర్చి గంట కొట్టినవాడు. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ముందు తెలిసేది అతనికే. ఇప్పుడు అతని కోసం గంట కొట్టే దిక్కు లేదు.

లెఫ్టినెంట్ నీవెస్ బరామెడా శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఒళ్లు చల్లబడింది. చొక్కా గుండీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మెడలో తాడుకు ఆ గది తాళంచెవి వేలాడుతూనే ఉంది.

"ముందు ఎవరు చూశారు?"

"గోరియో, మేడమ్," అన్నాడు కార్పొరల్ ఇలాగన్. "తెల్లారగానే. చొక్కా నిండా రక్తం. జనం పట్టుకుని చావబాదారు. నేనే లాక్కొచ్చి బాప్టిజం గదిలో పెట్టి తాళం వేశా."

బయట తుఫాను రంకెలు వేస్తోంది. నిన్నటి నుంచి సాలోగన్ ఊరు ఊరంతా ఈ రాతి చర్చిలోనే తలదాచుకుంది. వంతెన కొట్టుకుపోయింది. ఫాదర్ అవతలి ఒడ్డున ఉండిపోయాడు. ఫోన్లు మూగబోయాయి. నీళ్లు మెట్లెక్కుతున్నాయి. లోపల మూడొందల మంది జనం, ఇద్దరు పోలీసులు, ఒక హంతకుడు. ఎవరికీ బయటికి దారి లేదు.

పనిచేస్తున్నది ఒక్క వైర్‌లెస్ సెట్టే. దాంట్లోంచి జిల్లా ఆఫీసు గొంతు గరగరలాడింది. "లెఫ్టినెంట్! దొరికినవాణ్ణి బుక్ చేసి సాయంత్రానికి రిపోర్ట్ పంపు. డాన్ సెవెరోగారు అప్పుడే మాట్లాడారు."

నీవెస్ పళ్లు కొరుక్కుంది. సెట్టు ఆమె నడుముకే ఉంటే, డాన్ సెవెరో ఎలా మాట్లాడాడు?

"మీరు నిద్రపోతున్నప్పుడు అడిగారు మేడమ్," ఇలాగన్ నేల చూపులు చూశాడు. "కాదనలేకపోయా. రాత్రి ఆయన పెట్టిన అన్నమే తిన్నాం కదా."

నిజమే. ఈ మూడొందల మందీ తింటున్నది ఊరి కామందు డాన్ సెవెరో బియ్యం. ఆయన సార్డీన్ చేపల డబ్బాలు. ఆయన జనరేటర్. నీవెస్‌కైతే అంతకంటే ఎక్కువ. ఆమె పెళ్లికి ఆయనే నినోంగ్. తండ్రి తర్వాత తండ్రినని దేవుడి ముందు మాటిచ్చిన మనిషి. ఉద్యోగానికి సిఫార్సు చేసిందీ ఆయనే. ఆ ఊళ్లో అలాంటి రుణం తీరేది కాదు. చచ్చినా పిల్లల మెడకు చుట్టుకుంటుంది.

బాప్టిజం గదిలో గోరియో గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

"చంపావా?"

"లేదు మానాయ్." వయసులో తనే పెద్ద అయినా, ఊరందరిలాగే ఆమెను అక్కా అని పిలిచాడు.

"మరి రక్తం?"

"పడిపోయాడనుకుని లేపబోయా."

"ఆ గదిలో నీకేం పని?"

"పొద్దున గంట మోగలేదు. తుఫానొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా కొట్టే మనిషి. ఏమైందో చూద్దామని వెళ్లా. తలుపు తీసే ఉంది."

"ఆ రాయిని ముక్కలు చేస్తానని సంతలో అరిచావు."

"అరిచా. చెయ్యాలనే అనుకున్నా. నలభై ఇళ్ల పేట మానాయ్. మా తాతల నుంచి ఆ ఒడ్డునే వలలు ఆరేసుకుంటున్నాం. ఇవాళ ఒక రాయి బయటపడిందట, ఆ నేలంతా డాన్‌దేనట! కడుపు మండదా? కానీ మానోయ్ ప్లాసిడో మీద, అన్నలాంటివాడి మీద చెయ్యెత్తుతానా? నా పిల్లలకి నీళ్లు చల్లించి పేర్లు పెట్టించింది ఆయనే."

ఆ రాయి కథ ఊరందరికీ తెలుసు. డాన్ సెవెరో ముత్తాతగారి సమాధి ఫలకమట. చర్చి వెనక పునాదులు తవ్వుతుంటే దొరికిందట. చర్చి నుంచి సముద్రం దాకా నేలంతా ఆయనదేనని దాని మీద చెక్కి ఉందట. ఊరి పండగ ఫియెస్టా రోజు అందరి ముందు తెర తీసి, మర్నాడే కోర్టులో పెడతానని డాన్ చాటించాడు. అందాకా ఊదారంగు గుడ్డ కప్పి, ఆ గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవులు రెండే. ఒకటి ప్లాసిడోది, ఒకటి డాన్‌ది.

పేట ఖాళీ అయితే అక్కడ రిసార్ట్ వస్తుంది. గోరియో జైలుకి పోతే పేట తరఫున నోరెత్తేవాడు ఉండడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

డాన్ సెవెరో హాల్లోనే ఎదురయ్యాడు. తెల్లజుట్టు, చెక్కుచెదరని నవ్వు. వంటవాళ్లను, పిల్లలను, అందరినీ పేరుపేరునా పలకరిస్తున్నాడు.

"ఏమ్మా నీవెస్, కాఫీ తాగావా? మీ ఆయనకి సిటీలో వానలేమైనా ఉన్నాయా?"

"తెలీదు నినోంగ్. ఫోన్లు లేవు."

"వాణ్ణి ఇంకా కూర్చోబెట్టుకుని కబుర్లేంటి? జనం ఆగేలా లేరు. నీ మంచికే చెబుతున్నా." ఆయన ఇలాగన్ వైపు తిరిగాడు. "ఒరే, నేల మీద పరిచిన ఆ బ్యానర్లు తీయించు. కిటికీలకి కట్టండి. చలికి పిల్లలు వణికిపోతున్నారు."

"కడితే గాలికి నిలుస్తాయా సార్? సముద్రంలోకి ఎగిరిపోతాయి."

"పోతే పోనీరా! గుడ్డముక్కలు!"

ఫియెస్టా కోసం అచ్చు వేయించిన బ్యానర్లవి. మొన్ననే చుట్టలుగా వచ్చాయి. డాన్ మొహం మీద పడుకుంటే బాగుండదని జనం తిరగేసి పరుచుకున్నారు. తన బొమ్మ ఉన్న క్యాలెండరు చింపితే ఊరుకోని మనిషి, బ్యానర్లు పోతే పోనీ అంటున్నాడు. నీవెస్‌కి అది చెవిలో జోరీగలా రొద పెట్టింది.

తర్వాత ఎస్టెఫా టీచర్. హైస్కూల్లో నీవెస్‌కి చరిత్ర చెప్పిన మనిషి. రిటైరయ్యాక కూడా కనిపించిన పిల్లనల్లా కూర్చోబెట్టి చెబుతూనే ఉంటుంది. చరిత్ర అన్నం పెడుతుందా అని ఊరంతా ఆమెను వెక్కిరిస్తుంది. నీవెస్ కూడా ఒకప్పుడు వెక్కిరించింది.

"రాత్రి ఏం చూశారు టీచర్?"

"ఏం చూస్తాను? పిల్లలు ఏడుస్తుంటే కథ చెప్పాను. మంగళవారం కథ. నువ్వూ ఆ స్తంభం దగ్గరే కూర్చుని గురక పెట్టావుగా. బళ్లో లాగే!"

"పెద్దవాళ్లెవరు విన్నారు?"

"అందరూ విన్నారు. మీ నినోంగ్ కూడా నిలబడి విన్నాడు. సగంలో లేచిపోయాడు. నా కథలు ఆయనకి ఎక్కవులే."

నీవెస్ పట్టించుకోలేదు. ఆమె పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యిలా ఉంది. గోరియోని బుక్ చేస్తే అమాయకుడి గొంతు కోసినట్టు. చెయ్యకపోతే ఈ నాలుగు గోడల మధ్య జనం వాణ్ణి బతకనివ్వరు.

"నాకేం పాలుపోవట్లేదు టీచర్," అంది చివరికి. ఏడుపొక్కటే తక్కువ.

టీచర్ మొహంలో వేళాకోళం పోయింది. "మీ పనీ మా పనీ ఒకటేనే పిల్లా. సాక్ష్యం ఏం చెప్పిందో తర్వాత చూడు. దాన్ని ఎవరు పుట్టించారు, ఎవరి కోసం పుట్టించారు, అది అడుగు. అంతకంటే ముందు, ఏది మాయమైందో చూడు. ఉన్నది మనకి చూపించాలని ఉంచిందే కావచ్చు. మాయం చేసినదే నిజం చెబుతుంది."

నీవెస్ మళ్లీ పక్కగదికి వెళ్లింది. ప్లాసిడోని అప్పటికే దుప్పటి కప్పి పక్కకు జరిపారు. ఆమె ముక్కలన్నీ ఏరి నేల మీద పేర్చింది. ముత్తాత పేరు దొరికింది. 'సముద్రం వరకు' అన్న మాట దొరికింది. దాని మీద గీత కూడా పడలేదు. పేరు కింద మాత్రం జానెడు ఖాళీ. ఆ చోట ఉండాల్సినది పిండి పిండిగా నేల మీద పడి ఉంది.

డాన్ పోతే పోనీ అన్న గుడ్డముక్కలు ఆమెకు గుర్తొచ్చాయి. దిగ్గున లేచింది. "ఇలాగన్! ఆ బ్యానర్లు ఒక్కటి కూడా కదలనివ్వకు!"

గాలి ఒక్కసారిగా ఆగింది. తుఫాను కన్ను సరిగ్గా ఊరి నెత్తి మీదకి వచ్చింది. ఆ నిశ్శబ్దంలో పసిపిల్లల ఏడుపులు కూడా పెద్దగా వినిపించాయి. జనం లేచి నిలబడ్డారు. గోరియోని బయటికి తెమ్మని ఎవరో అరిచారు.

"తెస్తా," అంది నీవెస్. "నేనే తెస్తా. ముందు నాలుగు మాటలు వినండి."

గోరియోని పీఠం ముందుకి తెచ్చి తన వెనక నిలబెట్టుకుంది. డాన్ సెవెరో ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఎస్టెఫా టీచర్ ఆయన పక్కన.

"గోరియోకి ఆ రాయి మీద కోపం. ఎందుకు? నేల డాన్‌దని చెప్పినందుకు. పగలగొట్టాలంటే ఎక్కడ కొడతాడు? ఆ మాట మీద కొడతాడు. ఆ మాట చెక్కుచెదరలేదు. ఇంకెక్కడో పనిగట్టుకుని కొట్టారు. పిండి చేశారు."

"కొట్టినవాడికి చదువు రాదమ్మా," డాన్ నవ్వాడు. "ఎక్కడ పడితే అక్కడ కొట్టి ఉంటాడు."

"గోరియోకి చదువొచ్చు నినోంగ్. పేట అర్జీలన్నీ అతనే రాస్తాడు." ఆమె బ్యానర్ మీద కూర్చున్న ఆడవాళ్ల వైపు చూసింది. "అమ్మా, కొంచెం లేవండి. దాన్ని తిరగేసి పట్టుకోండి."

బ్యానర్ లేచింది. సగం మేర డాన్ మొహం. మిగతా సగం ఫలకం ఫొటో, అక్షరం అక్షరం కనబడేలా. మూడొందల మంది కింద పడి ఉన్నదాన్ని రాత్రి ఆయన లాక్కోలేకపోయాడు మరి.

"టీచర్, పేరు కింద ఏముందో చదవండి."

ఎస్టెఫా టీచర్ కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి వెళ్లింది. "పద్దెనిమిది వందల నలభై నాలుగు, డిసెంబరు ముప్పై ఒకటిన..." మధ్యలోనే ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా! ఆ రోజు లేదే!"

"లేకపోవడమేంటి?" ఎవరో అడిగారు.

"రాత్రి చెప్పింది అదే కదయ్యా! స్పెయిన్ వాళ్లు మన దీవులకి మెక్సికో మీదుగా వచ్చారు. వాళ్ల లెక్కే మనకీ పెట్టారు. చుట్టుపక్కల దేశాలకి మంగళవారమైతే మనకి సోమవారం. వందల ఏళ్లు అలాగే నడిచింది. చివరికి సరిచెయ్యాలని ఆ ఏడు ఒక రోజు ఎత్తేశారు. సోమవారం ముప్పయ్యో తారీఖున అందరూ పడుకున్నారు. లేచేసరికి బుధవారం, కొత్త సంవత్సరం. ఆ మంగళవారం మన దేశంలో తెల్లవారనే లేదు. ఇక్కడ ఆ రోజు ఎవరూ పుట్టలేదు. ఎవరూ చావలేదు."

"చెక్కినవాడు పొరబడి ఉంటాడు," అన్నాడు డాన్. నవ్వు మాత్రం లేదు.

"ఆనాడు బతికున్నవాడు పొరబడడు నినోంగ్. తెల్లవారని రోజున మనిషిని ఎవడైనా పాతిపెడతాడా? ఇప్పటి క్యాలెండరు చూసుకుని వెనక్కి లెక్కపెట్టినవాడే పొరబడతాడు. రాత్రి టీచర్ కథ మీరు నిలబడి విన్నారు. కోర్టులో ఇంకెవరైనా చెబితే దొంగ రాయని తేలిపోతుంది. రాయి పగిలితే ఆ భయం లేదు. నేరం గోరియో మీదకి పోతుంది. అవునా?"

"నేనెవరో తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు. మీ తాళంచెవి ఇవ్వండి."

డాన్ ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు. తీసిన చెయ్యి తీసినట్టే ఆగిపోయింది. తాళంచెవి తెల్లగా ఉంది. వేళ్ల నిండా తడిసిన పాలరాతి పిండి. చొక్కా మార్చుకున్నాడు గానీ, వరదలో చిక్కుకున్నవాడికి రెండో ప్యాంటు ఎక్కడిది?

ముందు వరసలోవాళ్లు వెనక్కి జరిగారు.

"మీ అందరికీ అన్నం పెట్టాను," అన్నాడు డాన్ జనం వైపు తిరిగి. "మూడు రోజులకి సరిపడా. ఎవరైనా ఒక్కరు మాట్లాడండి."

ఒక ముసలామె తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"వాడు నోరు మూసుకున్నా సరిపోయేది," ఆయన గొంతు చిన్నదైపోయింది. "చప్పుడుకి వచ్చాడు. 'మీ ముత్తాతని మీరే కొడుతున్నారేంటి డాన్?' అని అడిగాడు. అంత మంచిగా అడిగాడు! దానికేం చెప్పను? ముక్కలు ఏరదామని వంగాడు. కొట్టేశా."

నీవెస్ బేడీలు తీసింది. డాన్ చేతులు చాపాడు. తండ్రి తర్వాత తండ్రి చేతులవి. బేడీ పడిన చప్పుడు ఆగిన గాలిలో పైకప్పు దాకా వినిపించింది.

గోరియోని కొట్టినవాళ్లు అతని మొహం చూడలేక తప్పుకుని దారిచ్చారు. అతను నేరుగా గంట గోపురం ఎక్కాడు. వెనకే టీచర్, డాన్‌ని ఇలాగన్‌కి అప్పగించి నీవెస్. పైనుంచి ఒడ్డంతా కనబడుతోంది. నలభై ఇళ్లలో ఒక్కటి లేదు. నాలుగు గుంజలు, చుట్టూ బురదనీళ్లు.

టీచర్ అతని భుజం పట్టుకుంది. "అన్నీ పోయాయే నాయనా."

"ఇళ్లు పోతే కట్టుకుంటాం టీచర్." గోరియో వాచిన కన్ను తుడుచుకున్నాడు. "నేల పోయుంటే ఎక్కడ కట్టుకునేవాళ్లం?"

గంట తాడు పట్టుకుని ప్లాసిడో కోసం కొట్టడం మొదలుపెట్టాడు. అంతలో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ లేచింది.

నీవెస్ కిందికి దిగింది. ఖైదీని పంపడానికి వంతెన లేదు, పెట్టడానికి వేరే జైలు లేదు. బాప్టిజం గదిలోకి డాన్‌ని తీసుకెళ్లి, కాపలాకి తనూ లోపలే ఉండి, ఇలాగన్‌తో బయట తాళం వేయించింది. వంటవాళ్లు కిటికీలోంచి ఒకే కంచం అందించారు. అన్నం, రెండు సార్డీన్లు.

"ఆకలేస్తోందమ్మా," అన్నాడు డాన్ బేడీల చేతులు చూసుకుంటూ.

ఆమె ముద్ద కలిపి ఆయన నోటికి అందించింది. ఆయన నమిలాడు. రెండో ముద్ద తన నోట్లో పెట్టుకుంది గానీ, ఎంతసేపటికీ మింగుడుపడలేదు.