దుత్తలూరు దాకా లెక్క

ఉదయగిరిలో ఆ పొద్దున పెంచలనరసయ్య వేపపుల్ల నములుతుంటే ఇంట్లోంచి వీధిబడి పిల్లాడిలా ఎక్కాలు వల్లించే గొంతు వినబడింది. ఆ గొంతుకు ఇరవైనాలుగేళ్ళు, మీసాలు, చెన్నపట్నం బి.ఎ. పట్టా ఉన్నాయి.

"ఏందే, నీ కొడుకు మళ్ళీ ఓనమాల్లోకి దిగినాడా?"

"రాజనీతి చదివినోడికి లెక్కలు చాలవని పట్నం కాలేజీలో దొర తేల్చినాడంట," అంది రామసుబ్బమ్మ మజ్జిగ చిలుకుతూ. "అర్థశాస్త్రంలో పైచదువుకు చేర్చుకోవాలంటే చైత్రంలో లెక్కల పరీక్ష గెలవాలంట. కోమటింట పుట్టి లెక్కలు రాకపోవడం ఏందిరా అని నవ్వితే, నా మీద అలిగినాడు."

పెంచలనరసయ్యకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ళ ధాన్యం వ్యాపారంలో ఆయన దేన్నైనా గిట్టుతుందా లేదా అనే చూశాడు. కొడుక్కి ఆత్మకూరు కచేరీలో గుమాస్తా ఉద్యోగం సిద్ధంగా ఉంది. శుక్రవారం చేరాలి. చేతికొచ్చినదాన్ని వదిలి ఇంకా పట్నంలో కూచుంటే ఏం గిట్టుతుంది?

అన్నాల దగ్గర ఆ మాటే అడిగాడు. "ధరలు ఎందుకు పెరుగుతాయో దొర చెప్పాల్నా? నా అంగట్లో కూచో, నెల్లో తెలుస్తుంది."

"నీ అంగట్లో తెలియకనే పోతానంటా ఉండా నాయనా," అన్నాడు జనార్దనం. "ధాత ఏటి కరువులో ఆత్మకూరు కొట్లో మనకి జొన్నలు ఉండె. ఇక్కడ పక్కింటి వరదమ్మవ్వ ఆకులు ఉడకేసుకొని తిని చచ్చిపోయింది. నన్నెత్తుకొని పెంచిన మనిషి. ఆ జొన్నలు ఇక్కడికి ఎందుకు రాలేదో నేను చదివిన ఏ చట్టంలోనూ దొరకలా."

రామసుబ్బమ్మ గరిటె కింద పెట్టింది.

"ధర కోసం దాచినాననుకున్నావా?" పెంచలనరసయ్య కంచం పక్కకు నెట్టాడు. "మూడు బండ్లు పంపినాను. చేరింది ఒకటి. ఆత్మకూరు నుంచి వస్తా దుత్తలూరు దాటితే గడ్డిపోచ లేదు, బావిలో చుక్క లేదు. రానూపోనూ మేతా నీళ్ళూ బండి మీదనే మోస్తే ఇంక జొన్నలకి చోటేదిరా? బండి తోలే వెంగయ్య, ఎద్దులు రెండూ దోవలో పడిపోతే, కాడి భుజానేసుకొని తిరిగొచ్చినాడు. అప్పుడు ఆపినాను. నా లెక్క తప్పు కాదు."

రాని బండ్ల సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. జనార్దనం చేయి కడుక్కొని పలక తెచ్చాడు.

"బండి ఎంత బరువు మోస్తాది నాయనా? జత ఎద్దులు రోజుకెంత మేస్తాయి?"

మొదట కసురుతూ చెప్పాడు. నాలుగో ప్రశ్నకి ఆయనే పలక మీదికి వంగాడు.

"ఏడెనిమిదులు యాభైనాలుగా? ఈ మొహానికి దొర చోటిస్తాడా? చెరుపు! అదేంది, మధ్యలో 'క' రాసినావు?"

"తెలియంది. బండి పోయి రాగలిగిన దూరం."

"తెలియకపోవడమేందిరా? ఆత్మకూరు నుంచి ఉదయగిరి!"

"అది మనకి కావలసిన దూరం. బండికి చేతనైన దూరం వేరే."

"అన్నం చల్లారిపోతా ఉండాది," అంది రామసుబ్బమ్మ. "ఇద్దరూ సుద్దముక్క తింటారా?"

రెండుసార్లు చెరిపాక 'క' తేలింది. "దుత్తలూరు," అన్నాడు జనార్దనం. "అక్కడి దాకా మేత దోవలోనే దొరికేది కదా. బండి నిండా జొన్నలు దించి తిరిగి రావచ్చు."

పెంచలనరసయ్య పలక మీద వేలు పెట్టి లెక్క మళ్ళీ మొదటినుంచి చూశాడు. ఇక్కడి నుంచి దుత్తలూరికి మనిషి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతాడు. జొన్నలు అక్కడున్నాయని దండోరా వేయిస్తే, కాళ్ళాడేవాళ్ళు దిగివచ్చి నెత్తిన మోసుకుపోయేవాళ్ళు. కాళ్ళాడని వరదమ్మకు ఆ జొన్నల్లోంచే రామసుబ్బమ్మ పెట్టేది.

"బండి ఇక్కడికి వస్తుందా రాదా అనే చూసినానురా," అన్నాడు. "ఎంత దాకా వస్తుందని ఒక్కనాడూ అడగలేదు."

కన్నీళ్ళు పలక మీద పడి 'క' సగం కరిగింది. జనార్దనం తండ్రి చేయి పట్టుకున్నాడు. "నాకూ ఈ పూటే తెలిసింది నాయనా. నువ్వు దాచినావనుకొని ఇన్నాళ్ళు నీ మొహం సరిగా చూడలేదు."

పెంచలనరసయ్య పైపంచెతో పలక తుడిచి కొడుక్కి ఇచ్చాడు. "కచేరీకి రాడని కబురంపుతా. పోయి చదువు. ఇట్లాంటి 'క'లు ఇంకెన్ని ఉండాయో."

మర్నాడు పొద్దున ఆ ఇంట్లోంచి రెండు గొంతులు ఎక్కాలు వల్లించాయి. నలభై ఏళ్ళలో మొదటిసారి అంగడి ఆలస్యంగా తెరుచుకుంది. ఏడెనిమిదుల దగ్గర పెద్ద గొంతు ఆగి, చిన్న గొంతు సరిగ్గా చెప్పేదాకా కాచుకుంది.