ముప్ఫై ఇనప తాబేళ్ళు

పెట్టె ఉంది. తాళం ఉంది. తాబేళ్ళే లేవు.

ఎస్సై రాజకుమారి వంగి పెట్టెలోకి చూసింది. వంగినందుకే కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని నిలబడింది. ఏడాదిగా ఇదే వరస. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, నిద్ర లేచేసరికే అలసట. ఇద్దరి డ్యూటీ ఒకరి నెత్తిన పడితే ఎవరికైనా ఇంతేలే అని తనకు తనే సర్దిచెప్పుకుంటూ వచ్చింది. జేబులోంచి నాలుగు బియ్యపు గింజలు తీసి నోట్లో వేసుకుంది. అదో పాడలవాటు.

"ముప్ఫై మేడమ్. అరచేతిలో పట్టేంతవి," అన్నాడు మోహనకృష్ణ. ఆయన ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్. తెల్లారేసరికి పాతరేవు చేరుకుని, అంగన్‌వాడీ గది తెరిపించి, పెట్టె ఖాళీగా ఉండడం చూసి ఫోన్ చేసింది ఆయనే.

"ఇనప తాబేళ్ళతో ఏం పని సార్?"

"అంబలి కాచేటప్పుడు కుండలో వేసి ఉడికించాలి. కాస్త నిమ్మరసం పిండితే ఇనుము అంబలిలోకి దిగుతుంది. రోజూ తాగితే రక్తహీనత తగ్గుతుంది. ఈ రేవులో ముప్ఫై మంది ఆడవాళ్ళకి ఇచ్చాం. ఆరు నెలల ప్రయోగం."

"తగ్గిందా?"

మోహనకృష్ణ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. "పిసరంత కూడా తగ్గలేదు. అడిగినప్పుడల్లా రోజూ వేస్తున్నామనే చెప్పారు. అందుకే నిన్న అన్నీ వెనక్కి తెప్పించి ఈ గదిలో పెట్టించాను. ఇవాళ ల్యాబ్‌కి వెళ్ళాలి."

"తాబేలు ఆకారమే ఎందుకు?"

"శ్రీకూర్మం పక్కనే కదండీ. వీళ్ళకి తాబేలంటే భక్తి. ఒట్టి ఇనప ముద్ద ఇస్తే మూల పడేస్తారు. తాబేలైతే గౌరవంగా చూసుకుంటారని నాకే తట్టింది. గరివిడి దగ్గర ఇనప ఫౌండ్రీలో పోత పోయించాను." ఇంత దిగులులోనూ ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం లేచింది.

"తాళంచెవి?"

"మా ఫీల్డ్ వర్కర్ తులసి దగ్గర. ఈ రేవు మనిషే, ఆ ముప్ఫై మందిలో ఒకతె. నా కంప్లైంట్ ఆవిడ మీదే. పాత ఇనుము కొనే వ్యాను నిన్న సాయంత్రం ఈ వీధిలోనే ఆగింది. మధ్యాహ్నంలోగా ఎఫ్ఐఆర్ కట్టండి. కాలేజీకి నేను జవాబు చెప్పుకోవాలి."

తులసి గుమ్మం పక్కన నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మొగుడు గుజరాత్ బోట్ల మీద పనికని వెళ్ళి ఇంటి ఊసే మరిచాడు. ఇద్దరు పిల్లలు. ఈ ఉద్యోగం మీదే ఆ పొయ్యి వెలుగుతోంది. దొంగతనం కేసు పడితే ఇది పోతుంది, ఇంకోటి ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి తులసికీ తెలుసు, రాజకుమారికీ తెలుసు.

"తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా?"

"నేదు మేడమ్."

"రాత్రి ఎక్కడున్నావు?"

"ఇంటికాడే."

"మరి తాబేళ్ళు ఏమయ్యాయి?"

"నాకు తెల్దు."

నేల చూపులు చూస్తూ చెప్పింది. తర్వాత ఆ చూపు మెల్లగా లేచి రాజకుమారి జేబు మీద, వేళ్ళ మీద, గోళ్ళ మీద ఆగింది. అనుమానితులు పోలీసు చేతులవైపు చూడడం మామూలే. రాజకుమారి పట్టించుకోలేదు.

హెడ్ కానిస్టేబుల్ జోగయ్య ఈలోపు పాత ఇనుము సూరయ్యని చీపురుపల్లి రోడ్డు మీద పట్టుకుని వ్యానుతో సహా తీసుకొచ్చాడు.

"ఒరే సూరయ్యా, ఎక్కడ దాచావురా?"

"ఏటి దాసేది బాబూ? రేకులు, తుప్పట్టిన సైకిలు, అంతే. సూస్కోండి. తాబేలుని తూకానికి కొంటే ఈ రేవులోకి నన్ను మరి రానిస్తారా?"

వ్యాను గాలించారు. నిజంగానే రేకులూ సైకిలే. జోగయ్య చేతులు దులుపుకున్నాడు. సూరయ్య ఆఖరున అన్న మాట మాత్రం రాజకుమారి చెవిలో ఉండిపోయింది.

మళ్ళీ గదిలోకి వచ్చి ఒక్కో మూలా వెతికించింది. కోడిగుడ్ల అట్టల వెనక ఒక తాబేలు దొరికింది. చీకట్లో చెయ్యి జారి దొర్లిపోయి ఉంటుంది. మరక లేదు. తుప్పు లేదు. పెంకు గీతల్లో పచ్చగా పసుపు.

"వంటింట్లో ఉండే వస్తువు కదా, పసుపు అంటుకుంటుంది," అన్నాడు మోహనకృష్ణ.

"తూకం వెయ్యండి సార్."

తన చిన్న కాటా మీద పెట్టాడు. "రెండు వందల గ్రాములు."

"కొత్తలో ఎంత?"

"రెండు వందలే." ఆయన నుదురు ముడిపడింది. "ఉడికితే ఎంతో కొంత తరగాలే."

రాజకుమారికి మళ్ళీ కళ్ళు తిరిగాయి. గాలి కోసం రేవులోకి నడిచింది. మాఘమాసపు ఎండ అప్పుడే చుర్రుమంటోంది. తెప్పలు ఒడ్డుకి వస్తున్నాయి. ఒక వలలో నిజం తాబేలు చిక్కుకుంది. మనిషంత బరువుంది. పడుచువాళ్ళు తాళ్ళు కోసి దాన్ని విడిపిస్తుంటే, కూర్మమ్మ అనే ముసలావిడ కొంగుముడి విప్పి, దాని వీపు మీద పసుపు రాసి బొట్టు పెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పంపిస్తన్నాను తల్లీ. దారి తప్పొచ్చినాడు. పసుపెట్టి ఒగ్గేస్తే ఆడింటికి ఆడెల్తాడు."

"వండుకోరా?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది కూర్మమ్మ. "సివసివా. కూర్మనాదుడు గదా."

తాబేలు నీళ్ళలోకి జరిగి మాయమైంది. రాజకుమారి చీపురుపల్లి వైపు వరిచేల ఊళ్ళో పుట్టిన మనిషి. రేవు సంగతులు ఆమెకేం తెలుసు? అయినా కాసేపు అక్కడే నిలబడి, కూర్మమ్మ వేళ్ళకి అంటిన పసుపునే చూసింది.

"జోగయ్యా, ఆ ముప్ఫై మందినీ అంగన్‌వాడీకి పిలువు. ఈవిడతో సహా."

గది నిండిపోయింది. మోహనకృష్ణ, సూరయ్య, తులసి ఒక పక్క. ఆడవాళ్ళంతా ఒక పక్క. రాజకుమారి మిగిలిన ఒక్క తాబేలునీ బల్ల మీద పెట్టింది.

"ఆరు నెలలు నిమ్మరసంలో ఉడికిన ఇనుము ఇలా ఉండదు. దీనికి మరక లేదు, తూకం తగ్గలేదు, పసుపు మాత్రం ఉంది. కూర్మమ్మా, మీ ఇంటి తాబేలుని ఎక్కడ పెట్టావు?"

"దేవుడి గూట్లో."

"కుండలో వెయ్యలేదా?"

"సామిని కుతకుత ఉడకబెట్టమంటావేటి తల్లీ?"

మిగతా ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. ఒక్కరు కూడా కాదనలేదు.

"మరి తులసి వచ్చి అడిగితే రోజూ వేస్తున్నామని ఎందుకు చెప్పారు?"

"ఎయ్యలేదంటే పని ఆగిపోతాది. పని ఆగితే ఈ పిల్ల ఉజ్జోగం పోతాది. దీని పిల్లలకి ఎవులు పెడతారు?" కూర్మమ్మ మోహనకృష్ణ వైపు తిరిగింది. "నిన్న ఈ బాబు కోసి, కరగబెట్టి సూస్తామన్నాడు. మా పానం ఒప్పలేదు. రాత్రి పసుపెట్టి సముద్రంలో ఒగ్గేసినాం."

"తాళం తీసిందెవరు?"

తులసి ముందుకొచ్చింది. "నానే మేడమ్."

"నీకూ ఒకటి ఇచ్చారుగా. నువ్వు ఉడికించావా?"

తులసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాదీ గూట్లోనే. ఇల్లిల్లూ తిరిగి ఉడకబెట్టండని సెప్పినాను. నాకే సెయ్యి రానేదు. వీళ్ళనేటని అడగను?"

మోహనకృష్ణ పిల్లల బుల్లి కుర్చీలో కూలబడ్డాడు. రాజకుమారికి ఆయన మీద జాలేసింది.

"మీ ఇనుము ఓడిపోలేదు సార్. ఇంతవరకూ దాన్ని ఉడికించినవాళ్ళే లేరు. గౌరవంగా చూసుకుంటారన్నారు, చూసుకున్నారు. ఇది దొంగతనం కాదు. కేసు కట్టమంటారా?"

ఆయన బల్ల మీది తాబేలువైపు చూశాడు. "వద్దు మేడమ్. దేవుణ్ణి చేసి ఇచ్చి, వండుకోమన్నది నేనే."

"సదరంగా సెయ్యి బాబూ, ఇటిక ముక్కలాగ," అంది కూర్మమ్మ. "కళ్ళూ కాళ్ళూ ఎట్టకు. అప్పుడు ఉడకబెడతాం."

"మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి," అన్నాడు మోహనకృష్ణ. "తులసీ, నువ్వే చెయ్యాలి. వండలేదంటే ఈసారి వండలేదనే నాకు చెప్పాలి."

తులసి తలూపింది. గుమ్మం దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. సూరయ్య వ్యాను తాళాలు అడిగి తీసుకున్నాడు.

కేసు తేలింది. రాజకుమారి లేచింది. గది గిర్రున తిరిగింది. పడిపోయేదే, తులసి రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

"మేడమ్, పచ్చి బియ్యం ఎన్నాళ్ళబట్టి తింటన్నారు?"

"ఏమో. ఏడాది కావస్తోంది. ఏం?"

"మా రేవులో రగతం లేనోళ్ళందరం అదే నముల్తాం. పొద్దుటేలే సూసినాను, మీ గోళ్ళు తెల్లగా ఉన్నాయి. సెప్పడానికి బయమేసింది. ఏలు ఇలాగియ్యండి."

తులసి తన సంచిలోంచి రక్తపరీక్ష మిషన్ తీసింది. సూది చురుక్కుమంది. చేతిలో ఇమిడే ఆ మిషన్ కాసేపు ఆలోచించి హిమోగ్లోబిన్ అంకె చూపింది. ఏడు పాయింట్ నాలుగు. పన్నెండు ఉండాలి.

"రేపే పెద్దాసుపత్రికి ఎల్లండి. మాత్రలిస్తారు," అంది తులసి. వేలు మీద దూది నొక్కి పట్టుకుంది, వదల్లేదు.

కూర్మమ్మ బల్ల మీది తాబేలుని రెండు చేతులా ఎత్తుకుని, కొంగులో చుట్టుకుని రేవువైపు బయల్దేరింది. ఎవరూ ఆపలేదు. రాజకుమారి జేబులో చెయ్యి పెట్టి, మిగిలిన గింజలన్నీ తీసి కిటికీలోంచి పిచ్చుకలకి విసిరింది.

"ఆ ఇటిక ముక్కలు ఎప్పటికొస్తాయి సార్?"

"నెలరోజులు పడుతుంది మేడమ్. ముప్ఫై పోయించాలి కదా."

"ముప్ఫై ఒకటి పోయించండి."