మింగని గుక్క

"ఏవండీ, పట్టపగలే తాగారా?"

ఇంటర్నేషనల్ సిటీ బస్సులో పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి రేచెల్ అలా అడిగేసింది. నర్సు కదా, నోరు ఊరుకోలేదు. అతని పళ్ళు నేరేడుపళ్ళు తిన్నట్టు ఊదారంగులో ఉన్నాయి. పైగా కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు.

"తాగలేదండీ. నోట్లో పోసుకుని ఉమ్మేశాను."

"ఆహా! అబద్ధమైనా అతికినట్టుండాలండీ."

"నిజమండీ బాబూ! ఆ పనికే జీతమిస్తున్నారు."

ఆ గోదారి యాస వినగానే రేచెల్‌కి నవ్వాగలేదు. ఆవిడది రాజోలు, అతనిది కడియం; ఇద్దరూ బతుకుతెరువుకి ఈ అరబ్బు దేశం వచ్చినవాళ్ళే. పేరు ఎజ్రా. పెద్ద హోటల్లో అతిథులకి వైన్ ఎంచి పోసే ఉద్యోగం కోసం ట్రైనింగ్‌లో ఉన్నాడు. రోజుకి పదిహేను రకాలు రుచి చూడాలి, ఒక్క గుక్కా మింగకూడదు. మింగితే పదిహేనోదాని రుచి దేవుడికే తెలియాలి.

నెలాఖరుకి పరీక్షట. షాటో మోర్వియెల్ అనే ఫ్రాన్సు ద్రాక్షతోట చరిత్ర మొత్తం అప్పజెప్పాలట. అప్పజెప్పించుకునే పని రేచెల్ మీద పడింది. పడిందేమిటి, తనే మీద వేసుకుంది.

"తోట ఎప్పుడు వేశారు?"

"1740లో, బోర్డో పక్కన. మొగుడు పోయిన ఒకావిడ గులకరాళ్ళ దిబ్బ మీద తీగలు నాటింది. ఊరంతా నవ్వారండి. ఆ రాళ్ళు పగటి ఎండని దాచుకుని పొద్దుగూకాక తీగలకి వెచ్చదనం ఇస్తాయి. పండు బాగా పండుతుంది. నవ్వినవాళ్ళే తర్వాత రాళ్ళ దిబ్బలు కొనుక్కున్నారు."

"శభాష్! తర్వాత?"

"నూట ముప్పై ఏళ్ళకి వేరుపురుగు పట్టి తోటంతా పోయింది. ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేళ్ళకి తమ తీగల్ని అంటు కట్టి బతికించుకున్నారు. ఇది మాత్రం పుస్తకం చదవకపోయినా చెబుతాను. మా నాన్న నర్సరీలో మామిడికి కట్టేదీ అదే అంటు."

"గొప్పలు చాలు. వైన్ ఎలా చేస్తారు?"

"చేత్తోనే కోస్తారు. సగం కొత్త చెక్కపీపాల్లో, సగం పాతవాటిల్లో పద్దెనిమిది నెలలు ఉంచుతారు. అన్నీ కొత్తవైతే చెక్క వాసనే వస్తుంది, పండు వాసన ఉండదు. వాళ్ళ పద్ధతంతా అదేనండి, ఏదీ అతి కాకూడదు. తేటపడడానికి గుడ్డు తెల్లసొన కలుపుతారు."

"మరి పచ్చసొన?"

ఎజ్రా నోరు వెళ్ళబెట్టాడు. "అది పరీక్షలో రాదండీ."

"నాకొచ్చింది. కనుక్కుని రండి."

మర్నాడు అల్ వర్సాన్ గోదాముల దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎజ్రా జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. లోపల గోధుమరంగు బుల్లి కేకు.

"మిగిలిన సొనతో అక్కడివాళ్ళు ఇవి చేసుకునేవారటండి. మా హోటల్ బేకరీలో అడిగి చేయించాను."

తన పిచ్చిప్రశ్నకి జవాబు వెతికి తెచ్చిన మగవాణ్ణి రేచెల్ అదే మొదటిసారి చూడడం. ఆ సాయంత్రమే మనసు ఇచ్చేసింది. ఎజ్రా ఎప్పుడో ఇచ్చేశాడు, చెప్పడానికి దమ్ము లేక తీగలూ పీపాలూ అంటూ తిరుగుతున్నాడు.

అతను పరీక్ష పాసయ్యాడు. కానీ రేచెల్ పరీక్ష అప్పుడే మొదలైంది. వాళ్ళమ్మ మరియకుమారి ఇక్కడే ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. నాన్న సారా తాగి తాగి పోయాడు. సీసా ముట్టినవాడికి పిల్లనివ్వనని అమ్మ ఒట్టు పెట్టుకుంది. అమ్మ కాదంటే రేచెల్ పెళ్ళి చేసుకోదు, ఎజ్రాని వదిలి ఉండనూ లేదు. అందుకే అతను బేకరీలో పనిచేస్తాడని చెప్పేసింది.

"ఒక్కపూట అబద్ధమండీ. పెళ్ళయ్యాక మెల్లగా చెబుదాం," అని బతిమాలింది.

"ఆదివారం వస్తానండీ," అని మాత్రం అన్నాడు ఎజ్రా.

ఆదివారం మధ్యాహ్నం రేచెల్ వాళ్ళ ఫ్లాట్‌కి వచ్చి "వందనాలండీ" అని కూర్చున్నాడు. మరియకుమారి చేపల పులుసు వడ్డిస్తూ అడిగింది.

"బేకరీలో ఏం చేస్తావు బాబూ?"

"బేకరీ కాదండీ అమ్మగారూ. హోటల్లో వైన్ పోస్తాను. నేను తాగను."

గరిటె గాల్లో ఆగిపోయింది. ఖలాస్, అయిపోయింది అనుకుంది రేచెల్.

"నువ్వు తాగవు, ఎదుటివాడి చేత తాగిస్తావు. రెండూ ఒకటి కాదా?"

"పోయడం సగం పనేనండీ. ఆపడం మిగతా సగం. తాగేవాడి మాట తడబడితే గ్లాసులో నీళ్ళు పోస్తాను. మళ్ళీ అడిగితే చాలు సార్ అంటాను. టాక్సీ పిలిచి ఇంటికి పంపుతాను. మొన్నొకాయన నా మీద ముదీర్‌కి, అదే మా మేనేజరుకి, చెప్పాడు కూడా."

"ఉద్యోగం పోతేనో?"

"పోతే పోయిందండీ. ఆయనకి ఇంట్లో పిల్లలున్నారు."

మరియకుమారి గరిటె గిన్నెలో పెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మా ఆయనకి పన్నెండేళ్ళు పోశారయ్యా. చాలు, ఇంటికి పో అని ఒక్కడంటే ఒక్కడు అనలేదు."

అని అతని కంచంలో పెద్ద చేపముక్క వేసింది.

"చాలండీ," అన్నాడు ఎజ్రా.

"నా ఇంట్లో ఆ మాట నేననాలి. తిను." కూతురి వైపు తిరిగింది. "ఏమే, అబద్ధాలకోరూ! గిన్నెలు నువ్వు తోము. నిజం చెప్పినవాడు కూర్చుంటాడు. పెళ్ళి తారీఖు కోసం పాస్టరుగారికి నేను ఫోన్ చేస్తాను."

రేచెల్ ఏడుస్తూ, నవ్వుతూ గిన్నెలన్నీ తోమింది.