నిలవని వెండిపూత

"మీ పూత ఊడిపోతోందండీ," అంటూ భవ్య తీగల పొట్లం బల్ల మీద పెట్టింది.

యలమంద దాన్ని విప్పలేదు. కూర్చోమని కూడా అనలేదు. మర్యాద తెలియక కాదు, ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీని ఓ పాత మానిటర్ ఆక్రమించుకుని ఉంది.

"నా పూత ఊడదండీ. మీ తీగలే శుభ్రంగా ఉండవు. మీ సార్ అడిగితే ఆ మాట పొద్దున్నే ఆయనకి మెయిల్ కూడా పెట్టాను."

పళ్ల డాక్టర్‌తో అనాల్సిన మాటేనా అది? రోజుకి ఇరవైసార్లు చేతులు కడుక్కునే మనిషి భవ్య. గుంటూరులో డెంటల్ పీజీ చివరి ఏడాది చదువుతోంది, వంకరపళ్లు సరిచేసే విభాగంలో. పళ్లకి క్లిప్పులు పెట్టించుకున్న వాళ్లకి ఆ స్టీలు తీగల చుట్టూ బ్యాక్టీరియా చేరి పళ్లు పుచ్చుతుంటాయి. తీగకి వెంట్రుకకన్నా కొన్ని వందల రెట్లు పలుచగా వెండి పూస్తే చేరకుండా ఉంటుందా అన్నది ఆమె థీసిస్. పూసే మెషీన్ యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో ఉంది. దాని మీద పనిచేసే పీహెచ్‌డీ స్కాలర్ ఈ యలమంద. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

"మెయిల్ పెట్టారా? నన్నొక్క మాట అడగకుండానే?"

"అడిగితే శుభ్రంగానే ఉన్నాయంటారు కదండీ."

భవ్యకి ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి కళ్లు బాగుంటాయన్న సంగతి సరిగ్గా అప్పుడే కనిపెట్టింది. అందుకు ఇంకాస్త మండింది.

"ఇది రెండో బ్యాచ్. మూడోదీ పోతే టాపిక్ మార్చుకోమన్నారు మా సార్. ఆరు నెలలు వెనకబడతాను. నా తోటివాళ్లు పరీక్షలు రాస్తుంటే నేను తీగలు కడుక్కుంటూ కూర్చోవాలి."

"మూడోదే ఆఖరిదండీ. పూత మెషీన్‌కి కావాల్సిన గ్యాస్ సిలిండర్‌లో ఒక్కసారికే వస్తుంది. కొత్తది ఎప్పుడొస్తుందో మా ఆఫీసులో ఎవరికీ తెలీదు."

"ఇంత చల్లగా ఎలా చెప్తారండీ?"

"వేడిగా చెప్తే గ్యాస్ పెరగదు కదా."

అయినా తీగని మైక్రోస్కోప్ కింద పెట్టాడు. ఇద్దరూ వంతులవారీగా చూశారు. మధ్యలో పూత దిట్టంగా ఉంది. రెండు కొసల దగ్గరే పొరలు పొరలుగా లేచిపోయింది. ఏ తీగ చూసినా అంతే.

ఆ తర్వాత పదిరోజులు వాళ్లు దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. భవ్య దాదాపు రోజూ బ్రాడీపేట నుంచి స్కూటీ మీద ల్యాబుకి రావటం, తీగలు కడగటానికి ఆమె వాడే స్పిరిట్‌ని అతను అనుమానించటం, అతని మెషీన్‌ని ఆమె అనుమానించటం. మధ్యలో క్యాంటీన్ టీ. వాట్సాప్‌లో ముందు ఊడిన పూతల ఫొటోలు నడిచాయి. తర్వాత, "ఈరోజు టీ బాగాలేదు, మీరు రాకపోవటమే మంచిదైంది" లాంటివి మొదలయ్యాయి. పూత సంగతి మాత్రం తేలలేదు.

పదకొండో రోజు యలమంద ల్యాబుకి రాలేదు.

"మబ్బేసిందండీ," అన్నాడు ఫోన్‌లో. "కాయలు కళ్లంలో ఉన్నాయి. అమ్మ ఒక్కతే ఉంది."

"నాకు మీ మెషీన్ రీడింగుల పుస్తకం కావాలండీ. రేపు మా సార్‌కి చూపించాలి."

"నా సంచిలోనే ఉంది. ప్రత్తిపాడు దాటాక ఎవరినడిగినా రాఘవమ్మ గారి కళ్లం చూపిస్తారు."

భవ్య వెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి. ఎండబోసిన మిరపకాయల మీద తల్లీకొడుకులు పట్టలు కప్పుతున్నారు. రాఘవమ్మ ఆమెని ఎవరని కూడా అడగలేదు.

"ఏమ్మాయ్, చూస్తా నిలబడతావేంటి? ఆ కొస పట్టుకో. గాలికి లేచిపోద్ది."

భవ్య పట్టుకుంది. పట్ట కింద నుంచి జారిన కాయల్ని చేత్తో లోపలికి నెట్టింది. వాన నీళ్లు కళ్లలో పడుతుంటే అదే చేత్తో తుడుచుకుంది. అంతే, కన్ను భగ్గుమంది.

రాఘవమ్మ ఆమెని పాకలోకి లాక్కెళ్లి, పాలలో ముంచిన గుడ్డ కంటి మీద అద్దింది. తర్వాత అరచేతుల్లో నూనె పోసి రుద్దటం మొదలుపెట్టింది.

"సబ్బుతో కడుక్కుంటానండీ," అంది భవ్య.

"సబ్బుకి యాడ పోద్దమ్మా? కారమంటే జిడ్డు. నూనెకే పోద్ది. మావోడు చూడు, రోజూ తెల్లారి ఇక్కడ రంగుపోయిన తాలుకాయలేరి, ఇంత నీళ్లు పోసుకుని కాలేజీకి పోతాడు. ఆడికి మంట తెలిస్తేగా."

భవ్య మూసుకున్న కన్ను కూడా తెరిచింది.

"యలమంద గారూ, తీగలు పట్టుకునేముందు గ్లోవ్స్ వేసుకుంటారా?"

"తప్పకుండా."

"ఎలా వేసుకుంటారు? చూపించండి."

యలమంద గాల్లోనే చూపించాడు. ఒక చేతి వేళ్లు సర్దుకునేందుకు రెండో చేత్తో ఒక్కో వేలూ పట్టుకుని లాగాడు.

"బయటివైపు పట్టుకుంటారా?"

"ఎవరైనా అంతేగా."

"మేం అలా వేసుకోమండీ. అంచు లోపలివైపే పట్టుకుంటాం. బయటివైపుకి చెయ్యి తగలనివ్వం. మీ చేతి జిడ్డు గ్లోవ్‌కి అంటుకుంటోంది, గ్లోవ్ నుంచి తీగకి. తీగని మీరు పట్టుకునేది ఎక్కడ?"

యలమంద తన వేళ్లు చూసుకున్నాడు. "రెండు కొసల దగ్గర," అన్నాడు.

గెలిచినందుకు భవ్యకి సంతోషం కలగాలి. అతని మొహం చూశాక కలగలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా మూడో బ్యాచ్ సరిగ్గా చేసుకుంటే సరిపోతుందనుకుంది.

మర్నాడు ఆమె కాలేజీకి వెళ్లేసరికి తన గైడ్ అనంతపద్మనాభం గారి గదిలోంచి యలమంద బయటికొస్తున్నాడు.

"చెప్పేశానండీ," అన్నాడు. "మీ తీగలు శుభ్రంగానే ఉన్నాయనీ, పాడుచేసింది నేనేననీ. రాసి కూడా ఇచ్చాను. మా గైడ్‌కీ ఒక కాపీ పంపాను."

"మీ గైడ్ ఊరుకుంటారా?"

"ఊరుకోలేదు. గంటసేపు తిట్టారు."

"మరి ఎందుకండీ? నేనెవరికీ చెప్పేదాన్ని కాదు."

"తప్పు మీదని రాసింది నేనే కదా. అది అలాగే ఉంటే నాకు అన్నం సయించదు."

ఇతను తనకి కావాలి అని భవ్యకి స్పష్టంగా తెలిసింది, కాలేజీ ఆసుపత్రి వరండాలో, చుట్టూ దవడలు పట్టుకుని కూర్చున్న పేషెంట్ల మధ్య.

మూడో బ్యాచ్ రోజున అతను నూనెతో, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడిగాడు. గ్లోవ్స్ వేసుకోవటం ఆమె నేర్పింది. మూడుసార్లు తప్పు చేశాడు. మూడోది కావాలనే చేశాడని భవ్యకి అనుమానం. తీగల్ని మరోసారి కడిగి లోపల పెట్టారు. సిలిండర్ ముల్లు సున్నాకి దిగేలోపు పూత పూర్తయింది.

పదిహేను తీగలు. భవ్య ఒక్కొక్కటే పటకారుతో వంచి మైక్రోస్కోప్ కింద పెట్టింది. మొదటిది నిలిచింది. ఏడోది నిలిచింది. పన్నెండోదాన్ని యలమంద వంచి ఇచ్చాడు. పదిహేనోది కూడా కొస నుంచి కొసదాకా చెక్కుచెదరలేదు.

"ఇక మీకిక్కడ పనుండదండీ," అన్నాడు యలమంద, మైక్రోస్కోప్ లైటు ఆపుతూ.

"ఉండదు." భవ్య పటకారు కింద పెట్టింది. "మీరంటే నాకిష్టం యలమంద గారూ. తప్పు ఒప్పుకోవటానికి మీ అంతట మీరే వచ్చారు చూడండి, ఆ పూట నుంచి."

"అంతకుముందు?"

"అంతకుముందు మీ పేరు వింటేనే చిరాకు."

"నాకు మొదటిరోజు నుంచే ఇష్టమండీ. మీరలా వెళ్లగానే, పంపిన మెయిల్ వెనక్కి ఎలా తెచ్చుకోవాలా అని సాయంత్రం దాకా వెతికాను."

భవ్య నవ్వాపుకోలేకపోయింది. యలమంద నవ్వలేదు. అతనికి అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది.

"థీసిస్ అయ్యేదాకా ఆగుదామంటారా?"

"ఎందుకు ఆగటం? పోవాల్సిన ఆరు నెలలు మిగిలాయి కదా. వాటిల్లోనే పెళ్లి పెట్టుకుందాం."

యలమంద అక్కడికక్కడే తల్లికి ఫోన్ చేసి, రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. అటునుంచి రాఘవమ్మ గొంతు స్పీకర్ పెట్టకుండానే గదంతా వినిపించింది.

"ముందు ఆ పిల్ల నాన్న నంబరియ్యరా. నీతో తర్వాత మాట్లాడతా."